ఓకే పుట్టుక, నా తాంబూలాలు

ఒక చిన్న ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు విచారించి సొంత పెళ్లి చెడగొట్టుకున్న మనిషి ఈ జిల్లాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ‘అయ్యుంటాను’ అని ఎందుకంటున్నానంటే, అన్ని ఊళ్లూ తిరిగి సరిచూడలేదు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. గుంటూరులో మిరప నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం. రైతు “మంచి ఘాటు సరుకండీ” అంటే, నా కళ్లవెంట నీళ్లు కారుతున్నా యంత్రం చెప్పేవరకూ నమ్మేవాణ్ణి కాదు. అటువంటి నాకు చీమకుర్తి సంబంధం కుదిరింది. అమ్మాయి మాధవి, అక్కడి బడిలో లెక్కల టీచరు. నెలరోజులు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఈమె లేకపోతే నా బతుకు వృథా అని తేల్చుకున్నాను. పరీక్షకు పంపకుండా నేను ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

తాంబూలాలు వాళ్లింట్లో, పొద్దున పదకొండు లోపల మార్చుకోవాలి. దాటితే వర్జ్యం. మర్నాటి నుంచి మూఢం, రెండు నెలలు శుభకార్యాలు లేవు.

పదిన్నరకు పురోహితుడు, “లగ్నపత్రిక చదవమంటారా?” అని అడిగాడు.

“ఓకే!” అన్నారు మాధవి తండ్రి కోటేశ్వరరావు గారు, ఇల్లు అదిరేలా. గ్రానైట్ క్వారీలో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసిన గొంతు అది.

పాఠకులారా, ఆ మాటకు మన దగ్గరున్నన్ని అర్థాలు దాని పుట్టింట్లో కూడా ఉండవు. మా అధికారి ఓకే అంటే ఇక బయటికి నడవమని. ఇడ్లీ ఓకే అంటే బాగాలేదని. క్రేను దగ్గర ఓకే అంటే బండ లేస్తోంది, పారిపొమ్మని. ఆయన ఆ ఒక్క మాటతో ఊరుకుంటే ఈపాటికి నాకు ఇద్దరు పిల్లలు.

“ఓకే అంటే ఏమిటో తెలుసా బాబూ?” అన్నారాయన సంబరంగా. “పూర్వం యుద్ధాల్లో బోర్డు మీద రాసేవారు. ముందున్నది అక్షరం కాదు, సున్నా. కే అంటే కిల్డ్, చచ్చినవాళ్లు. అంటే ఇవాళ ఎవరూ చావలేదని!”

“ఆధారం ఏమిటండీ?” అన్నాను.

పక్కనున్న మా మేనమామ నా కాలు తొక్కాడు. “ఒరేయ్, తలూపరా చాలు.”

“తలూపితే నిజమవుతుందా మావయ్యా?” అంటూ ఫోను తీశాను. “చూడండి, అమెరికా ఆదివాసుల మాటని కొందరు, గ్రీకు మాటని కొందరు, ఒక నాయకుడి ఊరిపేరని మరికొందరు అన్నారు. నిలబడేది ఒక్కటే. ‘ఆల్ కరెక్ట్’, అంటే అంతా సరిగ్గా ఉంది అనే ఇంగ్లీషు మాటల్ని అమెరికా పత్రికలవాళ్లు వేళాకోళానికి ఓ, కే అక్షరాలతో తప్పుగా రాసి, ఆ మొదటి అక్షరాలు తీసుకున్నారు.”

“అయితే నా మాట వేళాకోళమంటావా?”

“నేననడం లేదండీ. నిఘంటువు అంటోంది.”

“బాబూ, టైము...” అన్నాడు పురోహితుడు.

“ఒక్క నిమిషమండీ, ఆ పత్రిక మూలప్రతి తెరుచుకుంటోంది.”

చీమకుర్తిలో ఆ రోజు సిగ్నలు, వానపాము ఎండలో పాకినట్టుంది. ప్రతి తెరుచుకునేసరికి పదకొండు దాటి నాలుగు నిమిషాలు. పురోహితుడు పంచాంగం మూశాడు.

కోటేశ్వరరావు గారి గొంతు మొదటిసారి తగ్గింది. “మందు పేల్చిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టుకుని ఆ మాట అనేవాణ్ణి బాబూ. ముప్పై ఏళ్లలో ఒక్కసారే అనలేకపోయాను.”

మనిషన్నవాడు అక్కడ నోరు మూసుకుంటాడు. నేను ఇలా అన్నాను: “అది వాడుకకు ఆధారమే గానీ, పుట్టుకకు కాదండీ.”

మా మేనమామ నెత్తి పట్టుకున్నాడు. లోపలి గుమ్మం దగ్గరున్న మాధవి నావైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి కోటేశ్వరరావు గారికి ఆరు పేజీల క్షమాపణ లేఖ రాశాను. ప్రతి పేజీ అడుగున ఆధారాల పట్టిక కూడా జతపరిచాను.

జవాబు మాధవి దగ్గర్నుంచి వచ్చింది. “నాన్నగారు ఉత్తరం రెండుసార్లు చదివారండీ. అందులో క్షమాపణ ఎన్నో పేజీలో ఉందో చెప్పగలరా?”

నకలు తీసి వెతికాను. మూడుసార్లు సరిచూశాను. ఏ పేజీలోనూ లేదు.

మూఢం వెళ్లాక ఆమెకు ఒంగోలు సంబంధం కుదిరింది. అందుచేత, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి ఇంట తాంబూలాలకు కూర్చున్నా, అవి చేతులు మారేదాకా నోరు విప్పను. నోరు మూసుకుంటే పెళ్లవుతుందనడానికి మాత్రం నాకింతవరకూ ఆధారం దొరకలేదు.