ఎలాడియో పుట్టినరోజు

ప్రెసింగ్ అక్క నోటికి భయపడనివాడు మా ఊళ్లో లేడు. నెగ్రోస్ దీవి చెరకు సీమలో మాదో చిన్న ఊరు. ఇక్కడి రేడియో స్టేషన్ మెట్ల పక్కన ఇరవై ఏళ్లుగా ఆమె చక్కెర పట్టించి వేయించిన అరటిపండ్లు అమ్ముతోంది. కొనకుండా దాటిపోతే చాలు, "ఏం తమ్ముడూ, మైకు నమిలితే కడుపు నిండుతోందా?" అని కేకేస్తుంది. ఆ తమ్ముణ్ణి నేనే. పొద్దున తొమ్మిదింటికి వచ్చే శుభాకాంక్షల కార్యక్రమం నాది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, తప్పిపోయిన గేదెలు, చీటీ మీద ఏం రాసిస్తే అది చదువుతాను. నాకు గొంతు పెద్దది, గుండె చిన్నది.

ఆమె మొగుడు ఎలాడియో చెరకు కొట్టే కూలీ. ఉబ్బసం మనిషి, నెమ్మదస్తుడు. "మా ఆయన దగ్గడానికి తప్ప నోరు విప్పడు" అని అక్కే వేళాకోళమాడేది. అలాంటివాడు కూడా ఆ ఏడు కూలి పెంచమని తోటివాళ్లతో కలిసి మిల్లు గేటు ముందు పన్నెండు రోజులు కూర్చున్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు అడిగారు. పదమూడో రోజు సాయంత్రం ఎలాడియోను నంబరు లేని వ్యాన్‌లో పడేసి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున అక్క తిన్నగా నా గదిలోకి వచ్చేసింది. జుట్టు దువ్వుకోలేదు.

"మా దగ్గర ఎవరూ లేరంటున్నారు తమ్ముడూ, పోలీసులు. పచ్చి అబద్ధం. స్టేషన్ వెనక గోడ దగ్గర నిలబడితే దగ్గు వినిపించింది."

"దగ్గు ఎవరిదైనా కావచ్చు కదక్కా."

"ముప్పై ఏళ్లుగా నా నిద్ర చెడగొట్టిన దగ్గురా అది! నాకు తెలీదూ?"

అంతకు ముందేడు ఇలాగే ఇద్దరిని పట్టుకుపోయి, మా దగ్గర లేరన్నారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఎక్కడా లేరు. లేడన్న మనిషిని ఏం చేసినా అడిగే దిక్కుండదు. అతన్ని ఇంకెక్కడికో తరలించేలోగా, ఎలాడియో ఎక్కడున్నాడో ఊరంతా వినాలి. అక్కకు కావలసింది అదొక్కటే.

నేను తల దించుకున్నాను. మిల్లు గొడవ గురించి ఒక్క ముక్క చదివినా ఉద్యోగం ఊడుతుందని మేనేజరు ముందే చెప్పాడు. మా జీతాలు మిల్లు ప్రకటనల మీదే నడుస్తాయి మరి. "వార్త చదవలేనక్కా" అన్నాను. అలా అన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా బల్ల మీదున్న ఖాళీ చీటీ ఒకటి లాక్కుని, గబగబా ఏదో రాసి నా ముందు పెట్టింది.

"ఇది వార్త కాదులే. చదువు."

మనసులో ఒకసారి చదువుకున్నాను. అద్దం అవతల మేనేజరు తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు. తొమ్మిదయింది. మైకు ఆన్ చేశాను.

"మన ఎలాడియో సుమగయ్‌సాయ్ గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు! నిన్న సాయంత్రం నుంచి వారు మన ఊరి పోలీసు స్టేషన్ వెనక గదిలో అతిథిగా ఉన్నారు. వారి భార్య ప్రెసింగ్ పదకొండు గంటలకు అక్కడికే పుట్టినరోజు నూడుల్స్ వండి తెస్తున్నారు. బంధుమిత్రులంతా పళ్లేలతో రావాలి. ఉబ్బసం మందు ఉన్నవాళ్లు తేగలరు."

మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంట్రా ఇది?"

"పుట్టినరోజు సార్. పుట్టినరోజులు చదవొద్దని మీరు చెప్పలేదు."

ఇంతలో ఫోన్ మోగింది. నగరం నుంచి ఓ పత్రికవాళ్లు. పోలీసు స్టేషన్‌లో పుట్టినరోజేమిటని అడుగుతున్నారు. మేనేజరు నన్నూ ఫోన్‌నీ మార్చి మార్చి చూసి, "చదివినోడివి నువ్వే, నువ్వే ఏడువు" అని రిసీవర్ నా చేతిలో పెట్టాడు. ఉన్నదంతా చెప్పేశాను.

పదకొండింటికి స్టేషన్ ముందు రెండు వందల మంది పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. పత్రికవాళ్ల ఫోటోగ్రాఫరు గోడెక్కాడు. అధికారి గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ ఎవరూ లేరు, వెళ్లండి" అన్నాడు. అనీ అనగానే లోపల్నుంచి దగ్గు వినిపించింది.

జనం ఘొల్లున నవ్వారు. ఎవరో పుట్టినరోజు పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. కెమెరా టకటకలాడింది. అధికారి మెడ తుడుచుకుని లోపలికి పోయాడు.

అరగంటకు ఎలాడియో బయటికి వచ్చాడు. పెదవి వాచింది, కుంటుతున్నాడు. కానీ తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు.

"ప్రెసింగ్, నా పుట్టినరోజు ఆగస్టులో కదే?" అన్నాడు అయోమయంగా.

"నోర్మూసుకుని తిను" అంది అక్క. పళ్లెంలో కుప్పలా వడ్డించింది.

అతను రెండు ముద్దలు మింగి, నా వైపు తిరిగాడు. "పొద్దున నన్ను వ్యాన్ ఎక్కించబోయారు తమ్ముడూ. కళ్లకు గంతలు కట్టారు. నేనేదో మూటనైనట్టు 'దీన్ని ఎక్కడ పడేద్దాం?' అని ఒకడడిగాడు. అప్పుడే వాళ్ల రేడియోలో నా పేరు వచ్చింది. తర్వాత గంతలు విప్పి, 'ఎలాడియో గారూ, మంచినీళ్లు తాగుతారా?' అన్నారు."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "గారూ అన్నారా?" అంది. అంటూనే మొగుణ్ణి వాటేసుకుని భోరుమంది. అంతమంది ముందు నేనూ ఏడ్చాను.