పట్టీ ఉన్నది, పట్టీ లేనిది

ఏడో తరగతిలో నేను బడి మానేశానని అందరికీ చెబుతుంటాను. బడివాళ్ల లెక్క వేరు. వాళ్ల దృష్టిలో అది విముక్తి దినం. ఆ చదువుతోనే ఎనభైల్లో నల్లగొండలో తుపాకులు బాగుచేసే ఉస్తాద్ దగ్గర పనికి కుదిరి, కొన్నేళ్లకు సలహాలిచ్చే స్థాయికి చేరాను. ఎవరూ అడక్కపోయినా ఇచ్చేవాణ్ని.

ఒకరోజు ఉస్తాద్ నమాజుకు పోయినప్పుడు మోత్కూర్ వైపు నుంచి ఒక పటేల్ వచ్చాడు. గుడ్డ విప్పి రెండు రివాల్వర్లు బల్ల మీద పెట్టాడు. రెండూ మందు దట్టించి, నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే కాలం నాటివి. అన్నదమ్ములు వేరుపడుతున్నారు. పెద్దవాడు పంచితే చిన్నవాడు ముందుగా ఏరుకోవాలి. ఇతను చిన్నవాడు.

"పాతది మా తాతదంటరు. గదే నాకు గావాలె. తాత నన్ను భుజాల మీద మోసి పెంచిండు. అమ్మనడుగుదామంటే షాద్‌నగర్‌ల అక్క పురుటికి పోయింది. రేపే పంపకం. జర చూసి చెప్పన్నా."

చూశాను. ఒకదానికి, గుండ్లు తిరిగే చక్రం పైన ఇనుప పట్టీ ఉంది. రెండోదానికి పైన అంతా ఖాళీ.

"పటేలా, మూడు పట్టీల మంచం మీద ఎప్పుడన్న పన్నవా?"

"గట్ల ఎవడన్న చేస్తడా?"

"గీ తీరు తుపాకి మొదలు చేసినోడు చేసిండు. గిదే, పట్టీ లేనిది. ఊగింది. గది చూసి రెండోడు నాలుగో పట్టీ ఏసిండు."

"మొదటోనికి తెలివి లేదా మరి?"

"ఉంది. బలమంత చక్రం ఇరుసు మీద పెట్టిండు. ఎంత లావుందో చూడు. కొవ్వు నిలువనీకి గాట్లు గూడ పెట్టిండు. మసి పట్టినా చక్రం తిరుగుతది. రెండోని ఇరుసు సన్నం, మసికి జల్ది పట్టేస్తది. మొదటోడు బండి చేసెటోని లెక్క సోచాయించిండు, రెండోడు మంచం చేసెటోని లెక్క."

"అయితే పాతది?"

"పట్టీ లేనిదే. ఫికర్ చెయ్యకు."

మర్నాడు అతను దాన్నే ఏరుకున్నాడు.

నెల తిరక్కముందే అతని తల్లి దుకాణం మెట్లెక్కింది. వెనక అతను, నా మొహం చూడకుండా.

"పట్టీ ఉన్నదే వీళ్ల తాతది. పట్టీ లేనిది, ఆయన పోయినంక నా పెనిమిటి ఎవలి దగ్గర్నో కొన్నడు. పెద్దోడు ఇప్పుడు మార్చుకోనంటుండు."

"నేను చెప్పింది తప్పుగాదమ్మా. పట్టీ లేని తీరే ముందు పుట్టింది," అన్నాను.

"తుపాకికి తాతెవరో చెప్పినవ్ బిడ్డా. వీడు అడిగింది వీని తాత తుపాకి ఏదని."