హాయ్ అంటే ఒట్టి ఊఁ

మా వదిన ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీ మూసి వస్తుంది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. "కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావా తల్లీ?" అని మా అమ్మ అడిగితే, "అవునత్తయ్యా" అంటుంది. మా అమ్మ ఏమన్నా వదిన జవాబు అదే. కూరలో ఉప్పెక్కువైందన్నా అంతే, ఆ ఉప్పు వేసింది మా అమ్మే అయినా సరే. అది వింటే నాకు ఒళ్ళు మండేది. ఆడపడుచుని నేను, వదిన తరఫున వకాల్తా పుచ్చుకుని మా అమ్మతో పోట్లాడేదాన్ని. ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం!

మేమిద్దరం చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను కాజాల మిషను మీద, తను కాలర్ల మీద. జపాను వాళ్ళ ఆర్డర్లు మొదలయ్యాక, వదిన సాయంత్రం తరగతులకు వెళ్ళి ఆ భాష పట్టుకుంది. ఇంతమంది ఉండగా నీకెందుకొచ్చిన తంటా అంటే, "ఆ భాషలో కాదనకుండానే కాదనొచ్చట" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత జాలేసింది.

గదిలో అటూ ఇటూ తిరుగుతూ వల్లెవేసేది. తిరిగేది తనైతే కళ్ళు తిరిగేది నాకు. "తో ఒమోయిమాస్. అంటే, అని అనుకుంటున్నాను. చూశావా, మన 'అని' లాగే ఆ 'తో' కూడా మాట చివరే వస్తుంది."

"మరి కాదనడం ఎలాగ?"

"రేపు వస్తారా అని అడిగితే, 'రేపు చోత్తో...' అని నసిగి ఊరుకోవాలి. చోత్తో అంటే కొంచెం. అంటే రారన్నమాట."

"మన 'చూద్దాంలే' లాగా."

"అచ్చం అంతే. ఇంకోటి, వాళ్ళ భాషలో హాయ్ అంటే అవునని, కానీ హాయ్ అన్నారని సంబరపడిపోకూడదు. కథ చెప్తుంటే ఊఁ కొడతామే, అది ఒట్టి ఆ ఊఁ."

కొన్నాళ్ళకు వదిన కాలర్లు వదిలి దుబాసీ అయింది, అయినా తరగతులు మానలేదు. మా మేనేజరుకు మాత్రం ఈ ఊఁ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. జపాను పెద్దాయన హాయ్ అన్నప్పుడల్లా బేరం కుదిరిందని చెయ్యి చాపేవాడు.

ఒకసారి ఆ పెద్దాయన వచ్చి, వేరేచోట నిలబడి కుడుతున్నారని, పని చురుగ్గా సాగుతోందని చెప్పాడు. ఇక్కడ కూడా స్టూళ్ళు తీసేస్తే ఎలా ఉంటుందో మీ వాళ్ళ అభిప్రాయం కనుక్కోండి అన్నాడు. మేనేజరు ఆ సాయంత్రమే మమ్మల్ని నిలబెట్టి కనుక్కున్నాడు. "ఇకనుంచి నిలబడి కుట్టాలి. విన్నారా?"

అందరం "ఊఁ" అన్నాం. వినడమైతే విన్నాం కదా! కఫ్‌లు కుట్టే పిన్నికి మోకాళ్ళు వాచి స్టూలు మీంచి లేవడమే గగనం. ఆవిడా ఊఁ అంది, తల వంచుకుని.

"చూశావా, ఒక్కరూ కాదనలేదు" అన్నాడు మేనేజరు వదినతో.

ఇంటికొస్తూ వదిన మా వీధి మలుపు దాటి ముందుకెళ్ళిపోయింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"అందరూ ఒప్పుకున్నారని రేపు నా నోటితో చెప్పాలే!"

"చెప్పకు."

"వాళ్ళ మాట వీళ్ళకి చెప్పడమే నా ఉద్యోగం. చెప్పకపోతే ఉంచుతారా?"

మర్నాడు పెద్దాయన మిషన్ల మధ్యకు వచ్చాడు. "అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు" అన్నాడు మేనేజరు. సంతోషంగా అట! నాకు కత్తెర విసిరికొట్టాలనిపించింది. వదిన ఆ మాటను ఉన్నదున్నట్టు జపాను భాషలో చెప్పింది. పెద్దాయన హాయ్ అని పక్కకు తిరగబోయాడు. అప్పుడు వదిన మళ్ళీ నోరు తెరిచింది.

"వాతాషి వా, సో వా ఒమోయిమసెన్."

ఆయన ఆగి, అయోమయంగా మేనేజరు ముఖం చూశాడు. పాపం, అది కూడా మేనేజరు మాటే అనుకున్నాడు. ఎన్నేళ్ళుగానో వదిన నోట 'వాతాషి', అంటే 'నేను', అని వస్తే ఆ నేను ఇంకెవరో కదా.

"ఏంటట?" అన్నాడు మేనేజరు.

"నేనలా అనుకోవడం లేదు అన్నానండీ."

"నేనెప్పుడన్నాను?"

"మీరు కాదు. నేను. మీ మాటొకటి, నా మాటొకటి. రెండూ చెప్పాను."

ఇక్కడ చోత్తో లేదు, చూద్దాంలే లేదు. వదిన కాళ్ళు ఒకచోట నిలవడం లేదు, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. పారిపోలేదు. పెద్దాయనను పిన్ని మిషను దగ్గరకు తీసుకెళ్ళి, మీరే అడగండి అంది. పిన్ని చేతిలో కఫ్ నలుపుతూ, "నిలబడ్డం నా వల్ల కాదయ్యా" అంది. వదిన చెప్పింది. పెద్దాయన ఆ మోకాళ్ళ వంక చూసి హాయ్ అన్నాడు.

ఆయన అటు వెళ్ళగానే అందరం వదినను చుట్టుముట్టాం. "ఒప్పుకున్నాడా?"

"ఊఁ అన్నాడు" అంది వదిన. ఆ వారమంతా మిషను చప్పుడు ఆగితే చాలు, స్టూళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చారేమోనని తలుపు వైపు చూసేవాళ్ళం.

స్టూళ్ళు తీయలేదు. తీసింది వదినను. కొత్త దుబాసీ వచ్చాడు, వదిన నా పక్కనే మళ్ళీ కాలర్ల మీదకు వచ్చింది. తనకూ ఒక స్టూలుంది. దాని మీద మహా అయితే పది కాలర్లసేపు కూర్చుంటుంది.

వదినను మళ్ళీ కాలర్ల మీదకు పంపారని విన్న సాయంత్రం మా అమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "ఇంక ఆ భాషతో పనేముంది? తరగతులు మానేసి ఇంటిపట్టున ఉండు."

అలవాటైన "అవునత్తయ్యా" కోసం ఎదురుచూస్తూ నేను పోట్లాటకు నడుం బిగించాను.

వదిన మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుని, మా అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"నేనలా అనుకోవడం లేదత్తయ్యా."

మా అమ్మ వదిన వంక చూసింది, నా వంక చూసింది. "ఊఁ" అంది.