మిద్దె మీద ఎర్ర షామియానా

పుంగనూరులో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పెళ్లివారి కంటే ముందు సర్దార్‌కు తెలుస్తుందని ఊళ్లో వేళాకోళం. కుర్రతనంలో పందిరి గుంజలు మోసినవాడు, ఇప్పుడు మదనపల్లె నుంచి కుప్పం దాకా షామియానాలు వేస్తాడు. ఎవరేమడిగినా కాదనడు. తను అడిగింది ఎదుటివాళ్లు కాదంటే మాత్రం పిల్లాడిలా మూతి ముడుచుకుంటాడు.

కూతురు ఫిజా పైలట్ శిక్షణలో ఉంది. మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుకుంటూ దూరం పోతున్నానని, దారి కుప్పం మీదుగానేనని ఫోనులో చెప్పగానే ఆయన పట్టుబట్టాడు.

"కాస్త ఇటు తిరిగి మన మిద్దె మీదుగా పోమ్మా. రెండు నిమిషాలే కదా."

"ఆ పక్క మిలిటరీ వాళ్లు విమానాలు నడిపేది నేర్చుకుంటాండారబ్బా. అడగకుండా పోకూడదు."

"అయితే అడుగు. నీకు కనబడేట్టు మిద్దె మీద ఎర్ర షామియానా పరిచి పెడతా."

సరేనని గాని కాదని గాని అనకుండా ఫిజా ఫోను పెట్టేసింది.

ఆ రోజు పొద్దున్నే సర్దార్ షామియానా పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టి, వీధివాళ్లందరినీ పైకి పిలిచాడు. మెడలు నొప్పి పుట్టేలా అందరూ ఆకాశం చూస్తుండగా చెవులు చిల్లులు పడే మోత వచ్చింది. రెండు మిలిటరీ విమానాలు ఒకదాని వెంట ఒకటి దూసుకుపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సర్దార్‌కు మాత్రం భయం పట్టుకుంది. అంత వేగంలో వాళ్లకు తన బిడ్డ నడిపే చిన్న విమానం కనిపిస్తుందా?

భార్య ఖుర్షీదా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "ఫిజా అబ్బా, పిల్ల వచ్చేది ఈ దోవనేనా?"

బిడ్డను ఇటు పిలిచింది సర్దారే. ఆ ఎర్రగుడ్డ వెతుక్కుంటూ బిడ్డ ఇటే వస్తుందని ఆయనకు అప్పుడు తోచింది. ఇటుకలు తన్నేసి, నలుగురు పట్టి మడవాల్సిన షామియానాను ఒక్కడే ఒళ్లోకి లాక్కున్నాడు. వీధివాళ్లు నవ్వారు, మతి పోయిందనుకుని మెట్లు దిగిపోయారు. ఫిజాకు ఎన్నిసార్లు చేసినా ఫోను స్విచాఫ్.

మధ్యాహ్నం ఫిజానే ఫోను చేసింది.

"దిగినానబ్బా. రేడియోలో అడిగితే ఆడ మిలిటరీ విమానాలు తిరుగుతాండాయి, రావద్దన్నారు. దూరంగా చుట్టుకొని పోయినా." గొంతు తగ్గించింది. "నువ్వు పరిచింది సూడలేకపోయినా. కోపమా?"

సర్దార్‌కు ఏడుపు ఆగలేదు. షామియానా ఇంకా ఒళ్లోనే ఉంది.

"కోపమేమీ లేదమ్మా. నేనూ దాన్ని అప్పుడే ఎత్తేసినా."