చుక్క పడితేనే కూర్చోవాలి

ఒకటో తరగతి టీచరమ్మకు వీధిలో ‘వసపిట్ట’ అని పేరు. నోరు తెరిస్తే ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగదు. అలాంటి మనిషి, చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో పిల్లలకు నేర్పడంలో మాత్రం అందె వేసిన చెయ్యి. ఆమె తరగతిలో ఒకరు పాఠం చదువుతుంటే మిగతా అందరూ నిలబడాలి. కామా వస్తే చిటిక వెయ్యాలి. ప్రశ్న గుర్తుకు కనుబొమలెత్తాలి. చుక్క పడితేనే కూర్చోవాలి, తర్వాతి వాక్యానికి మళ్లీ లేవాలి. “గుంజీలు తీయిస్తున్నారా అమ్మా?” అని పక్క గది మాస్టారు నవ్వినా ఆమె లెక్కచేసేది కాదు.

ఒకనాడు తరగతిలో ఎవరో రంగుసీసా ఒలకబోశారు. టీచరమ్మకు ఒళ్లు మండింది.

“ఎవర్రా ఈ పని చేసింది, నిన్ననే కదా చెప్పాను, చెవులున్నాయా లేవా మీకు, అసలు ఆ సీసా ఎవరు తీయమన్నారు...” అంటూ అందుకుంది.

పిల్లలంతా చటుక్కున లేచి నిలబడ్డారు. తిట్ల దండకం రంగు దగ్గర మొదలై గోళ్లలో మట్టి దాకా పోయింది. ఆమె మరిచిపోయిన క్యారేజీ పట్టుకొచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. చివరికి ముందు బల్ల దగ్గరి బుడ్డది చెయ్యెత్తింది.

“టీచర్, చుక్క పెట్టండి టీచర్. కాళ్లు పీకుతున్నాయి.”

టీచరమ్మ నోరు ఠక్కున మూతపడింది. తరగతంతా ఒక్కసారిగా కూర్చుంది.

“పెళ్లైనప్పటి నుంచీ నా వల్ల కాలేదు కదే తల్లీ!” అన్నాడు భర్త.

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. మొహం చేటంత అయింది.

“చూశారా, నా పిల్లలు!” అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ ఆ గొప్ప చెప్పుకుంది, ఎక్కడా చుక్క పెట్టకుండా.