వాటాదారుల సభలో నేను పట్టిచ్చిన ముఠా

తన పరువు తానే తీసుకోదలచినవాడికి ఒక మైకు, నలుగురు తెలిసినవాళ్లు చాలు. నాకు ఆ రోజు హాలు నిండా జనం దొరికారు. పైగా సభ అయ్యాక భోజనాలు కూడా ఉన్నాయి. ఇక ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. మీ ఊహ కన్నా ఘోరంగానే జరిగింది.

మేం సింగపూర్ వచ్చిన కొత్తలో మాట. నాకు రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అద్దె ఫ్లాటు దొరక్క అవస్థపడుతుంటే నన్నూ, నా భార్య లావణ్యనీ, మా పాప చిన్నినీ నెల్లాళ్లపాటు పాసిర్ రిస్‌లోని తమ ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టినవాళ్లు శేషగిరి అంకుల్, కమల ఆంటీ. తర్వాత పుంగ్గోల్‌లో ఇల్లు దొరికినా ఆదివారం పెసరట్టు ఉప్మా మాత్రం వాళ్లింట్లోనే. ఆ పెసరట్ల దగ్గరే అంకుల్ మాట విని మేమందరం లిఫ్టులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాం.

"లిఫ్టు లేకుండా ఈ ఊళ్లో ఎవడైనా ఇంటికెళ్లగలడంట్రా? తిరుగులేని యాపారం!" అన్నారాయన.

లిఫ్టు కిందికి కూడా వెళ్తుందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు మా వాట్సాప్ గ్రూపులో అంకుల్ పెట్టిన కబురు చూసి నా చేతిలో కాఫీ ఒలికిపోయింది. "కంపెనీ ఫైనాన్స్ అధికారి పరారీ. నాలుగు సూట్‌కేసుల డబ్బుతో పక్క దేశంలోని బాతం దీవికి పడవెక్కేశాడని భోగట్టా." ఆ వారమే షేరు ధర జారింది. దానితోపాటు నా గుండె కూడా జారింది.

తెలివైనవాడైతే నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటాడు. నేను కూర్చుని వీడియోలు చూశాను. అమెరికాలో ముఠాల పనిపట్టడానికి రాకెటీరింగ్ చట్టం అని ఒకటుందట. ఓ గుంపు జట్టు కట్టి అదే పనిగా మోసాలు చేస్తుంటే, నష్టపోయిన మామూలు మనిషి కూడా వాళ్ల మీద సివిల్ దావా వేయొచ్చట. గెలిస్తే నష్టానికి మూడింతలు ఇప్పిస్తారట. మూడింతలు! ఆ మాట విన్నాక నేను నేల మీద నడవలేదు.

అంకుల్ వాళ్లమ్మాయి సంధ్య ఇక్కడే లాయరు. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, అది అమెరికా చట్టం," అంది.

"అయితే ఏంటమ్మా? న్యాయం ఎక్కడైనా న్యాయమే కదా!"

"కంపెనీ ఇక్కడిది. షేర్లు ఇక్కడివి. మీరూ ఇక్కడే ఉన్నారు. మధ్యలో అమెరికా కోర్టుకేం పని? అసలు అక్కడే షేర్ల మోసాలు ఆ చట్టం కిందికి తెస్తామంటే ఒప్పుకోరు. పుకార్లకి ఇక్కడ వేరే చట్టం ఉంది. ముందది ఎవరు పుట్టించారో తెలీకుండా నోరు జారకండి, ప్లీజ్."

ఇందులో నా చెవికెక్కింది 'ఎవరు పుట్టించారో' అన్న ముక్క ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది, అంకుల్ మోకాలి ఆపరేషన్ కోసమని తన షేర్లలో చాలావరకు ముందే అమ్మేశారు. అమ్ముకున్నది ఆయన, కబురు పెట్టింది ఆయన. ఇంకేం, ముఠా నాయకుడు దొరికాడు!

"ఏవండీ, బుద్ధుందా మీకు? నెల్లాళ్లు వాళ్లింట్లో తిన్నాం," అంది లావణ్య.

"తిండి వేరు, చట్టం వేరు," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహం చూసి ఉంటే మీరు ఒకటి పీకేవారు.

ఆ నెలలోనే కంపెనీ వాటాదారుల సభ. ఈ ఊళ్లో ఇలాంటి సభలకు సగం మంది లెక్కలు వినడానికి వస్తారు, సగం మంది మకాన్ కోసం, అంటే భోజనం కోసం వస్తారు. నిజానికి మొదటి సగం కూడా భోజనానికే. మా బృందమంతా వచ్చింది. అంకుల్, ఆంటీ, మేమిద్దరం, మాతోపాటే షేర్లు కొన్న నా ఆఫీసు స్నేహితుడు మురళి, వాడి భార్య స్వప్న.

వేదిక మీద చూద్దును కదా, పరారీలో ఉన్న ఫైనాన్స్ అధికారి మిస్టర్ టాన్ తాపీగా మంచినీళ్లు తాగుతున్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో నోరు మూసుకుని భోజనాల కోసం ఎదురుచూసేవారు. నా బుర్ర మాత్రం అలా పనిచేయలేదు. ఆయన పారిపోలేదంటే కబురు అబద్ధం. అబద్ధమంటే ఎవరో అల్లారు. అల్లారంటే ముఠా ఉంది! ప్రశ్నలు అడగమనగానే మైకు లాక్కున్నాను.

"మేడమ్, దిస్ ఈజ్ రాకెటీరింగ్! ఈ హాల్లో ఒక ముఠా ఉంది!"

తలలన్నీ నా వైపు తిరిగాయి. అధ్యక్షురాలు ఓపికగా అడిగింది, "ఆయన పారిపోయాడని మీరు ఎవరి దగ్గర విన్నారు సార్?"

నేను వేలు చూపించాను. "ఆయన దగ్గర. శేషగిరి అంకుల్!"

అంకుల్ మొహం పాలిపోయింది. "నేనేంట్రా? నాకు మీ ఆంటీ చెప్పింది!"

మైకు ఆంటీ చేతికి వెళ్లింది. "నాకు లావణ్య చెప్పింది నాయనా. సూట్‌కేసులు మాత్రం నేనే కలిపాను. అంత డబ్బు ఒళ్లో పెట్టుకుని ఎలా ఎళ్తాడు చెప్పు?"

లావణ్య తల దించుకుంది. "ట్రైన్‌లో స్వప్న చెప్పిందండీ. పడవ ఒక్కటే నాది. విమానమైతే దొరికిపోతాడు కదా అని..."

"నాకు మా ఆయన చెప్పారు," అంది స్వప్న.

మురళి లేచాడు. ఆస్పత్రిలో మనిషిని చూడ్డానికి వచ్చినవాడిలా నా వైపు జాలిగా చూశాడు. "ఒరేయ్, నాకు చెప్పింది నువ్వే కదరా."

"నేనా? ఎప్పుడు?"

"హాకర్ సెంటర్లో, మధ్యాహ్నం భోంచేస్తూ. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టూ, ఆఫీసు కార్డూ పెట్టి ఎవరో చోప్ చేసుకున్నారు. ఆ కార్డు చదివి నువ్వేమన్నావ్? 'మన కంపెనీ ఫైనాన్స్ ఆయనదిరా! మన తిండి అయిపోతున్నా మనిషి రాలేదు. డబ్బుతో ఉడాయించాడా ఏంటి?' అన్నావ్."

చోప్ చేయడమంటే ఇక్కడ వేదవాక్కు. బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్తే చాలు, ఆ చోటు వాళ్లదే, ఇంకెవరూ ముట్టుకోరు. కొత్తగా వచ్చిన నాకు అది తెలుసు గానీ ఒంటబట్టలేదు. ఆ బల్ల దగ్గర మిగిలిన కుర్చీల్లో మేమిద్దరం కూర్చున్నాం. జోకు వేసిందీ నేనే, వేసి మరిచిపోయిందీ నేనే. అది ఊరంతా తిరిగి, పడవెక్కి, సూట్‌కేసులు పట్టుకుని నా ఫోన్లోకే తిరిగొస్తే గుర్తుపట్టలేకపోయాను.

అంతటితో అయిపోతే బాగుండేది. మురళి అదంతా ఇంగ్లీషులోనూ చెప్పేసరికి మిస్టర్ టాన్ మైకు అందుకున్నాడు. ఆయన అడిగినదాన్ని తెలుగులో చెప్తాను.

"ఆ రోజు నల్ల బ్యాగు ఎవరిది?"

"నాదే సార్."

"అది నా కుర్చీలో ఉంది. నేను ట్రే పట్టుకుని మీ వెనకాలే నిలబడి ఎక్స్‌క్యూజ్ మీ అంటూనే ఉన్నాను. మీరిద్దరూ చాలా గట్టిగా మాట్లాడుకుంటున్నారు. చివరికి స్తంభం పక్కన నిలబడి నూడుల్స్ తిన్నాను. మీరు లేచాక వచ్చి కార్డు తీసుకున్నాను."

హాలు విరగబడి నవ్వింది. నేను నేర్చుకున్న చట్టమే నా మీదికి తిరిగింది. ముఠా అంటే నా పెళ్లాం, నా స్నేహితుడు, నాకు అన్నం పెట్టిన ఆంటీ. నాయకుణ్ణి నేను. కానీ నాకు సిగ్గేసింది హాలు నవ్వినందుకు కాదు, అంకుల్ నవ్వనందుకు.

భోజనాల వరసలో ఆయన వెనకాల నిలబడి, "తప్పయిపోయింది అంకుల్," అన్నాను.

ఆయన నూడుల్స్ వడ్డించుకున్నారు. "మూడింతలన్నావుగా? అయితే విను. మూడు ఆదివారాలు పెసరట్లు నువ్వే పొయ్యాలి. ఆ టాన్ గారికి మూడు భోజనాలు పెట్టించాలి," అని తన ప్లేటులోంచి ఒక కరీపఫ్ తీసి నా ప్లేటులో పెట్టారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కరీపఫ్ వేడిగా ఉందని చెప్పి తప్పించుకున్నాను.

ఇంటికెళ్లాక చిన్ని అంతా విని, "సో నాన్నా, యూ ఆర్ ద గ్యాంగ్‌స్టర్ లా!" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ఓ 'లా' తగిలించి.

శిక్ష అమలైంది. మూడో భోజనం రోజున నేనే ముందు వెళ్లి, నా ఆఫీసు కార్డు బల్ల మీద పెట్టి చోప్ చేశాను. ఇద్దరం ట్రేలతో తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరో కొత్త కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. నా కుర్చీలో ఒక బ్యాగు ఉంది. వాళ్లు చాలా గట్టిగా మాట్లాడుకుంటున్నారు. మిస్టర్ టాన్ నా చెవిలో అన్నాడు, "కనబడేలా నిలబడు. లేకపోతే సాయంత్రానికి నిన్ను కూడా బాతం పంపించేస్తారు."

కనుక అగ్నిసాక్షిగా, పోనీ పెసరట్ల పెనం సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను ఏ దేశపు చట్టాన్నీ వీడియోల్లో నేర్చుకోను. ఖాళీ కుర్చీ కనబడితే అందులోని మనిషి ఏమయ్యాడని ఎవరినీ అడగను. ముందు నా బ్యాగు తీస్తాను. తీసి, వెనక్కి తిరిగి చూస్తాను.