తుఫాను తర్వాత కొబ్బరి నీళ్లు

కరోనా తగ్గి ఆసుపత్రులు కాస్త తెరిపిన పడ్డ ఏడాది, నన్ను డయాలసిస్ వార్డు నుంచి ఒక పరిశోధన పనికి వేశారు. అప్పటికి నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సును. స్టాఫ్ నర్సుకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద ఉండే హోదా అది. పైవాళ్లు కోప్పడితే పడాలి, కిందివాళ్లు అలిగితే బుజ్జగించాలి. రిటైర్మెంటు దగ్గర పడింది కదా, ఈవిడకు తేలిక పని ఇద్దామనుకున్నారు కాబోలు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన గట్టి పని అదే అయింది. దాని గురించి చెప్పేటప్పుడు కొంచెం గొప్పలు పోతాను. ఓర్చుకోండి.

కిడ్నీలు పూర్తిగా చెడిపోయిన మనిషికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం మీద రక్తం శుద్ధి చేయాలి. ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. యంత్రానికి కరెంటు కావాలి, శుద్ధి చేసిన నీళ్లు దండిగా కావాలి, రోగి ఆసుపత్రికి చేరడానికి దారి ఉండాలి. తుఫాను వస్తే ముందుగా పోయేవి సరిగ్గా ఈ మూడే. అలాంటి రోజుల్లో మా రోగులు ఇంట్లో ఎలా గట్టెక్కుతారో తెలుసుకోవాలని మా కిడ్నీ విభాగం ప్రొఫెసరు గారి పట్టుదల. ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకొచ్చే పని నాది. వేరేవాళ్లను పంపితే రోగులు మర్యాద కోసం ఏదో ఒకటి చెప్పి పంపేస్తారనీ, నా దగ్గర ఆ పప్పులు ఉడకవనీ ఆయన నలుగురిలో అన్నారు. నేను కాదనలేదు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులు, పాతబస్తీలో దర్జీల ఇళ్లు, ఫిషింగ్ హార్బర్ వెనక జాలరి పేట, ఇలా తిరిగాను. మా ప్రశ్నలు మామూలువే. ఇంట్లో మందులు ఎన్నాళ్లకు సరిపోతాయి, ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు, తాగే నీళ్లు నిల్వ ఉంటాయా, ఇలాంటివి. అందరూ బుద్ధిగా జవాబులు చెప్పారు. నేనూ బుద్ధిగా రాసుకున్నాను.

జాలరి పేటలో నూకరాజు ఇంటికి వెళ్లిన రోజున ఈ పని మలుపు తిరిగింది. నూకరాజు ఒకప్పుడు బోటు మీద కళాసీ. కిడ్నీలు పోయాక సముద్రంలోకి వెళ్లడం మానేసి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నాడు. వార్డులో అతనంత మాట వినే రోగి లేడు. నీళ్లు కొలత ప్రకారం తాగుతాడు, పళ్ల జోలికి పోడు. కొత్తగా చేరినవాళ్లకు ‘అదిగో, అలా ఉండాలి’ అని నేను చూపించేది అతన్నే. నేను వెళ్లేసరికి అరుగు మీద వల కుడుతున్నాడు. భార్య పైడమ్మ చేపల గంప దించి అప్పుడే వచ్చింది.

తాగే నీళ్ల ప్రశ్న దగ్గర నేను ఊరికే ఆగక, కుళాయి రాకపోతే, బిందెలు కూడా ఖాళీ అయిపోతే ఏం చేస్తారని అడిగాను. పైడమ్మ పకపకా నవ్వింది.

“తుఫానొత్తే నీల్లకి లోటు గాని బొండాలకేటి లోటమ్మా? సెట్లన్నీ పడిపోతాయి. మా తమ్ముడు అప్పన్న బస్తాడు బొండాలు అట్టుకొచ్చి పడీస్తాడు. ముందు ఈ మనిసికి కొట్టిచ్చి, తరవాతే మాం తాగుతాం.”

నూకరాజు వైపు చూశాను. కొబ్బరి నీళ్లు తాగకూడదని నీకు చెప్పాం కదయ్యా అన్నాను.

“నాకు తెల్దేటి సిస్టరమ్మా? మామూలు రోజుల్లో సుక్క ముట్టను. తుఫాను రోజులు ఏరు కదా. అయినా అవి నీల్లేటి, మందు గాని!”

ఇక్కడ సంగతి వివరంగా చెప్పాలి. కొబ్బరి నీళ్లలో పొటాషియం అనే లవణం ఎక్కువ. మనకైతే అది మూత్రంలో బయటికి పోతుంది. డయాలసిస్ రోగికి ఆ దారి మూసుకుపోయింది. యంత్రం అందని రోజుల్లో అది రక్తంలో పేరుకుని, నొప్పి గాని ఆయాసం గాని లేకుండానే గుండెను ఆపేయగలదు. పైగా తుఫాను రోజుల్లో ఆ ఇళ్లలో కూర అంటే ఎండు చేపే. ఆ ఉప్పుకు దాహం, దాహానికి బొండం. మనవాళ్లకేమో రోగి అనగానే గుర్తొచ్చేది బొండమే. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రారు కదా. ఇక్కడ ఇంటిల్లిపాదీ తమ వంతు మానుకుని మరీ అతనికి పొయ్యాలని చూస్తున్నారు. వచ్చే తుఫానుకు నూకరాజును చంపేది గాలి కాదు, వాళ్ల ప్రేమే అనిపించింది.

మర్నాడు ప్రొఫెసరు గారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచారు. అప్పటికప్పుడు ఆ ప్రశ్న చేర్చి అందరినీ మళ్లీ అడిగి రమ్మన్నారు. తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. చాలా ఇళ్లలో అదే జవాబు. ఒక దర్జీ గారి తల్లి అయితే, బొండాలతో పాటు, అదే పొటాషియం ఉండే దానిమ్మ రసం కూడా ఇస్తామని నాకు భరోసా ఇచ్చింది.

వార్డులో రోగులకు గట్టిగా చెబుదామని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. మన ఇళ్లలో జబ్బు మనిషి ఏం తినాలో జబ్బు మనిషి నిర్ణయించడు, పెట్టేవాళ్లు నిర్ణయిస్తారు. నీరసంగా పడుకున్నవాడి నోటి దగ్గరికి బావమరిది గ్లాసు తెచ్చి, తాగు బావా అంటే, పక్కకు తిప్పుకునే మొహం ఎవరికుంటుంది? చెప్పాల్సింది అప్పన్నకే అన్నాను. ప్రొఫెసరు గారు, అయితే అప్పన్న దగ్గరికే వెళ్లండి అన్నారు.

అప్పన్న బోటు డ్రైవరు, బోట్ల సంఘంలో పెద్ద గొంతు అతనిదే. తెల్లారేసరికి చేపల వేలం దగ్గర దొరుకుతాడన్నారు. ఐసు నీళ్లలో చెప్పులు తడుపుకుంటూ, చేపల బుట్టల మధ్య నుంచి వెళ్లి పట్టుకున్నాను. నేను చెప్పింది విని అతను మండిపడ్డాడు.

“కొబ్బరి నీల్లు ఇసమంటావేటి సిస్టరమ్మా? కాయ కొట్టకుండా బోటు కదిలించం మాం. మా బావకి నాను ఇసం పోత్తానా?”

చుట్టూ నలుగురు చేరారు. నాకూ కోపం వచ్చింది. అరవడం నాకూ వచ్చు గాని, అరిస్తే పని జరగదు.

“నీ బోటుకి డీజిలు మంచిదేనా?” అన్నాను.

“అది నేకపోతే బోటెలా నడుస్తాది?”

“మరి రేడియేటర్లో పోస్తావా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీ బావ ఒంట్లో పొటాషియం బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది, నువ్వు మంచిదని పోసింది అక్కడే నిలిచిపోయి గుండెను ఆపేస్తుంది అని నెమ్మదిగా చెప్పాను. అప్పన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. బావకు జబ్బు చేశాక వచ్చిన ఒక్క తుఫానప్పుడూ దారి మూసుకుపోయి బొండాలు తేలేకపోయానని, తెచ్చి ఉంటే పోసేసేవాడినని అన్నాడు.

మరి ఏం పొయ్యాలని అడిగాడు. మంచి ప్రశ్న. వద్దు అన్నచోట ఏది చేయాలో చెప్పకపోతే ఆ మాట నిలవదు. కాచి చల్లార్చిన నీళ్లు ముందే మూత పెట్టి ఉంచమన్నాను. చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా ఇవ్వాలి, నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మాలి. ఎండు చేప బదులు ఉప్పు లేకుండా వండిన గుడ్డు, వార్చిన అన్నం పెట్టాలి. ఇంటికి వెళ్లి ఇదంతా పైడమ్మకూ అప్పగించాను.

ఆ ఏడాదే వానల చివర తుఫాను హెచ్చరిక వచ్చింది. మా పరిశోధనలో తేల్చుకున్న మొదటి సూత్రం, గాలి రాకముందే అందరికీ ఒక విడత డయాలసిస్ చేసి పంపడం. టెక్నీషియన్లు ఇళ్లకు పోలేదు. విడతకు కొంత సమయం తగ్గించి, ఎక్కువ మందిని యంత్రం మీద పెట్టాం. నూకరాజు మాత్రం తన వంతు రోజున తప్ప రానన్నాడు. ముందే వస్తే ఆ వంతు ఇంకొకరికి పోతుందని భయం. వంతు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకే ఆ భయం తెలుస్తుంది. నీ వంతు నీదే, నా మాట అని ఫోనులో చెప్పాను. అప్పన్న బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు.

మర్నాడు పొద్దున పైడమ్మ ఫోను చేసి, వినమ్మా అంటూ హార్బరు మైకు వైపు పెట్టింది. అప్పన్న గొంతు.

“బోట్లన్నీ లోపలికి ఒచ్చీయండి. వలలూ ఇంజన్లూ జాగర్త. ఇంకో మాట ఇనండి. మన పేటలో డయాలసిస్ మీదున్నోల్లకి కొబ్బరి నీల్లు పొయ్యకండి. రాలిన బొండాలు మీరు తాగండి, మీ పిల్లలికి పొయ్యండి. ఆల్లకి మటుకు ఒద్దు. పోసినోడి సంగతి నాను సూత్తాను!”

ఫోను స్పీకరు పెట్టాను, వార్డంతా విన్నారు. ప్రొఫెసరు గారు ఈ భాషను పరిశోధన పత్రికలో ఎలా వేస్తారా అని నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

తుఫాను వచ్చింది, చేయాల్సినంతా చేసి పోయింది. చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి, కుళాయిలు ఆగాయి. మేము జనరేటరు మీద, ట్యాంకరు నీళ్లతో యంత్రాలు మొదలుపెట్టేదాకా నాకు ముద్ద దిగలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ చూసుకుంటున్నాను. కంచరపాలెం వాళ్లు వచ్చారు. దర్జీ గారిని ఆటోలో, అది ఆగినచోట నుంచి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. నూకరాజు జాడ లేదు.

మధ్యాహ్నం దాటాక అప్పన్న భుజం మీద చెయ్యేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. కాళ్లు వాచాయి, పెదాలు పగిలాయి. వస్తూనే నా మీద ఫిర్యాదు.

“ఏటి నేర్పినావు సిస్టరమ్మా ఈడికి? సందు నిండా బొండాలే. పేటంతా తాగినారు. అడిగినాను, తిట్టినాను, ఏడిసినాను కూడా. ఒక్క సుక్క పొయ్యనేదు. మా అమ్మ, ముసిల్ది, దొంగతనంగా తెత్తే దాని సేతిలోంచి లాగీసి ఆడే తాగీసినాడు!”

నేను ముందు ఈసీజీ తీయించాను. గుండె కొట్టుకోవడంలో తేడా లేదు. అప్పుడు అప్పన్న భుజం తట్టాను. ఆ తుఫానుకు మేము ముందుగా పిలిచి డయాలసిస్ చేసి పంపిన ప్రతి రోగీ నడిచో, మోయించుకునో తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం యంత్రాల మధ్య నిలబడి నేను పడ్డ గర్వం, మా అబ్బాయి ఉద్యోగంలో చేరినప్పుడు కూడా పడలేదు.

తర్వాత పరిశోధన వ్యాసం అచ్చయింది. రచయితల పేర్లలో చివర నాదీ ఉంది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను.

ఆ పని నాకు నేర్పింది ఇది. జాగ్రత్తలు రోగికి చెప్పడం సగం పని. ఆపద రోజున అతని చేతికి గ్లాసు ఎవరు అందిస్తారో కనుక్కుని, వాళ్లకు చెప్పి రావడం మిగతా సగం.